దించుకొన్న పాట, ఎక్కించిన డిస్కు

గ్రామఫోను ప్లేటును కొనుక్కొన్న గృహస్థునికి ఆ ప్లేటు మీద ఎట్టి హక్కులు ఉన్నవని ఆ కాలములో ఎవరును విచారించి ఉండరు. అంగడిలో డబ్బు చెల్లించి, అట్టసంచిలో పెట్టించి ఇంటికి తెచ్చుకొన్న తరువాత అది ఆ ఇంటి సొత్తు. గాట్లు అరిగిపోవునంతవరకు వినవచ్చును. పొరుగింటివారికి ఎరువు ఈయవచ్చును. పెండ్లి పందిటిలో వేయించవచ్చును. అన్నదమ్ములు వేరుపడునాడు ఇత్తడి సామానుతోపాటు పంచుకొనవచ్చును. అమ్మిన కంపెనీవారు కొన్నేండ్ల తరువాత మనిషిని పంపి, మేము ఆ వ్యాపారము మానుకొన్నాము, ఇకమీదట మీ ప్లేటు పలుకదు అని చెప్పించిన కథ ఎవ్వరును విని ఉండరు.

ఇంటర్నెట్టు మీద పాటలు అమ్ముట వచ్చిన తరువాత అచ్చముగా అట్టి కథయే జరిగినది. 2008వ సంవత్సరములో అమెరికాలో మూడు పెద్ద సంస్థలు తమవద్ద పాటలు కొన్నవారికి ఇంచుమించు ఇట్టి కబురునే పంపినవి. ఆ కబురు అందిన ఇండ్లలో నిశ్చింతగా ఉండగలిగినవారు, డబ్బిచ్చి దించుకొన్న పాటలను అంతకుముందే చవుకపాటి డిస్కుల మీదికి ఎక్కించి పెట్టుకొన్నవారే. ఆ అలవాటు ఎట్లు పుట్టినదో, చట్టము దానిని ఎంతవరకు ఒప్పుకొన్నదో, సంగీతపు కంపెనీలు మొదట ఏల అడ్డుపడి పిదప ఏల దారి ఇచ్చినవో, అది మన తెలుగునాటికి వచ్చునప్పటికి ఏమైనదో చెప్పుటయే ఈ ప్రసంగములో మా ఉద్దేశము.

ముందుగా మాటను గురించి ఒక మాట. ఇంగ్లీషువారు ఈ పనిని కాల్చుట అన్నారు. మనవారు క్యాసెట్టుల కాలమునుండియు పాటలు ఎక్కించుట అనుచున్నారు, సి.డి.లు వచ్చిన తరువాత రైటు చేయించుట, కొట్టించుట అనునవి కూడ వాడుకలోనికి వచ్చినవి. ఇంటర్నెట్టునుండి దించుకొనుట, డిస్కు మీదికి ఎక్కించుట అని రెండు క్రియలును చక్కగా జంట కుదిరినవి గనుక మేము వానినే పట్టుకొనుచున్నాము. అయినను ఇంగ్లీషు మాటలో యథార్థము లేకపోలేదు. అది తెలియుటకు ఆ డిస్కు నిర్మాణము కొంచెము ఎరుగవలెను.

కాంపాక్టు డిస్కును డచ్చి దేశపు ఫిలిప్సు కంపెనీయు, జపాను దేశపు సోనీ కంపెనీయు కలిసి రూపొందించినవి. 1982 అక్టోబరులో జపానులో మొదటి సి.డి. యంత్రము అమ్మకమునకు వచ్చినది. డిస్కు అడ్డుకొలత 12 సెంటీమీటర్లు. దాని మీద అయిదు కిలోమీటర్లకు మించిన పొడవుగల ఒకే ఒక చుట్ట ఉండును. గ్రామఫోను ప్లేటు మీద ముల్లు అంచునుండి నడిమికి నడచును. ఇక్కడ కిరణము నడిమినుండి అంచుకు నడచును. సెకండునకు 44,100 మారులు ధ్వనిని కొలిచి, ఆ కొలతలను అంకెలుగా మార్చి, సూక్ష్మమైన గుంటలుగా అచ్చొత్తుదురు. అంగడిలో అమ్ము సి.డి. అచ్చుపోసిన వస్తువు. దానిని ఇంటిలో తయారుచేయుట సాధ్యము కాదు.

ఇంటిలో ఎక్కించుకొను డిస్కు వేరు జాతికి చెందినది. జపానులోని టైయో యూడెన్ అను సంస్థ 1988లో దీనిని తయారుచేసి చూపినది. 1990లో ఫిలిప్సు, సోనీ కంపెనీలు దీనికి ప్రమాణములు ప్రకటించినవి. దీనిలో గుంటలకు బదులు ఒక రంగుపూత ఉండును. లేసరు కిరణము తీక్ష్ణముగా తగిలినచోట పూత వేడెక్కి రంగు మారి, అక్కడ వెలుగు మునుపటివలె తిరిగి రాదు. వినిపించు యంత్రము ఆ మచ్చనే గుంటగా భ్రమించును. కాల్చుట అను మాటకు ఇదియే ఆధారము. ఒకసారి పడిన మచ్చ తుడిచిన పోదు. ఇది పలకా బలపమువంటి వ్యవహారము కాదు. తాటాకు మీద గంటముతో వ్రాసిన వ్రాతవంటిది. పనిమధ్యలో కంప్యూటరు ఒక్క క్షణము వెనుకబడి అంకెలు అందీయలేకపోయినచో డిస్కు అంతయు చెడిపోయెడిది. 2000వ సంవత్సరములో సాన్యో కంపెనీవారు దీనికి విరుగుడు కనిపెట్టు వరకు ఎన్ని డిస్కులు ఇట్లు పాడైనవో లెక్కలేదు. చేలలో పిట్టలను బెదరించుటకు దారమున కట్టి వ్రేలాడదీసిన మెరుగు డిస్కులను మన పాఠకులలో పలువురు చూచియే ఉందురు.

మొదట ఈ ఎక్కించు యంత్రము ఖరీదు సామాన్యులకు అందునది కాదు. 1995లో హ్యూలెట్ పాకర్డు కంపెనీ వేయి డాలర్లకు లోపల ఒక యంత్రమును అమ్మజూపినది. అటు తరువాత అయిదారేండ్లలో ఈ యంత్రము కంప్యూటరు పెట్టెలోనే ఒక భాగమైపోయినది. ఇంటింటను ఒక చిన్న అచ్చుకూటము వెలసినట్లయినది. సంగీతపు కంపెనీల నిద్ర చెడగొట్టినది మొదట ఇదియే.

ఇంతలో పాట చిక్కిపోయినది. సి.డి. మీది ధ్వని నిమిషమునకు సుమారు పది మెగాబైట్ల స్థలము కోరును. నాలుగు నిమిషముల పాటకు నలుబది. టెలిఫోను తీగ ద్వారా ఇంటర్నెట్టు అందుకొను ఆ రోజులలో ఇట్టి పాట ఒక్కటి దించుకొనుటకు రెండు గంటలు దాటెడిది. జర్మనీలోని ఎర్లాంగెన్ పట్టణమున ఫ్రాన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్‌జ్ బ్రాండెన్‌బుర్గ్ మొదలైన శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి పరిశోధించినది ఈ బరువును తగ్గించుట గురించియే. వారు పట్టుకొన్న సూత్రము మన కచేరీలు వినువారికి అనుభవములోనిదే. డోలు బిగ్గరగా మ్రోగుచున్న క్షణమున ప్రక్కనున్న తంబురా శ్రుతి మన చెవికి ఎక్కదు. చెవికి ఎక్కని ధ్వనిని మోయుట దేనికి? దానిని విడిచిపెట్టినచో పాట పదునొకండవ వంతుకు దిగును. 1995 జూలైలో ఈ విధమైన పాటలకు ఎం.పి.3 అను తోకపేరు స్థిరపడినది. రెండు గంటల పని పావుగంటకు లోపలికి వచ్చినది.

ఇచ్చట ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. ఎం.పి.3 పాటను మామూలు సి.డి.గా ఎక్కించునప్పుడు కంప్యూటరు దానిని మరల విప్పి పూర్తి పరిమాణమునకు తెచ్చును. అయితే విడిచిపెట్టినది తిరిగి రాదు. ఎండబెట్టిన వరుగులను నీళ్ళలో నానవేసినట్లు ఆకారము వచ్చును గాని కోసిననాటి పచ్చిదనము రాదు. సంగీతము తెలిసినవారు దీనిని ఎత్తిచూపుచునే వచ్చినారు. వారి మాట అబద్ధము కాదు.

చట్టసమ్మతముగా పాటలను దించుకొను ఏర్పాటు, దొంగదారికంటె వెనుక పుట్టినదని పలువురు అనుకొందురు. వాస్తవము వేరు. 1993లోనే కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్‌లో కొందరు యువకులు, కంపెనీల ఆదరణ లేని గాయకుల పాటలను వారి అనుమతితోనే ఇంటర్నెట్టులో ఉంచినారు. 1994లో ఎయిరోస్మిత్ అను పేరుగల బృందపు పాట ఒకటి కంప్యూసర్వ్ చందాదారులకు ఉచితముగా లభించినది. 1997లో కాపిటల్ కంపెనీవారు డ్యురాన్ డ్యురాన్ బృందపు పాటను 99 సెంట్లకు అమ్మి చూచినారు. ఈ 99 సెంట్ల ధర తరువాతి కథలో మరల కనబడును. ఇవన్నియు విత్తనములు, పైరు కాదు.

చట్టము సంగతి కొంత విపులముగా చెప్పక తప్పదు. 1992లో అమెరికా కాంగ్రెసు గృహములలో ధ్వని ముద్రించుకొనుటను గురించి ఒక చట్టము చేసినది. అది ఒక రాజీ. అంకెల పద్ధతిలో పాటలు ముద్రించు యంత్రముల మీద వందకు రెండు వంతులు, ఖాళీ డిస్కులు మొదలైనవాని మీద వందకు మూడు వంతులు రుసుము వసూలుచేసి పాటల హక్కుదారులకు పంచవలెను. అందుకు బదులు, అట్టి యంత్రములతో వ్యాపారము కొరకు గాక తన కొరకు నకలు తీసికొన్న శ్రోత మీద దావా వేయరాదు. ఎంతో సబబుగా ఉన్న ఏర్పాటు. చిక్కెక్కడ వచ్చినదనగా, ఆ చట్టములో కంప్యూటరు చేరలేదు. 1992లో కంప్యూటరును ఎవరు సంగీతయంత్రమని తలచినారు? దాని ఫలితముగా అంగళ్ళలో రెండు రకముల ఖాళీ డిస్కులు వెలసినవి. ఒకదాని మీద సంగీతమునకు అని వ్రాసి ఉండును, ధర కొంచెము హెచ్చు. రెండవదాని మీద అట్లు ఉండదు, ధర తక్కువ. రెండింటికిని గల భేదము ఒక గుర్తు మాత్రమే. కంప్యూటరు రెండింటిని సమానముగా స్వీకరించును గనుక జనులు ఏది కొన్నారో వేరుగ చెప్పనక్కరలేదు.

1998లో డైమండ్ కంపెనీ రియో అను చేతిపెట్టెను అమ్మినది. అగ్గిపెట్టెకు అన్నగారివలె ఉండి, గంటసేపటి పాటలను మోసెడిది. కంపెనీల సంఘము న్యాయస్థానమునకు వెళ్ళినది. 1999 జూన్‌లో తొమ్మిదవ సర్క్యూటు న్యాయస్థానము, ఈ పెట్టె ఆ చట్టపు నిర్వచనములోనికి రాదనియు, తనవద్ద ఉన్న పాటను ఒక చోటినుండి మరియొక చోటికి మార్చుకొనుట చట్టము ఉద్దేశించిన స్వంత వినియోగమునకు అనుగుణముగానే ఉన్నదనియు అభిప్రాయపడినది. గృహస్థునికి ఇది గొప్ప ఊరట.

అదే జూన్ నెలలో నాప్‌స్టర్ వచ్చినది. పదునెనిమిదేండ్ల కళాశాల విద్యార్థి షాన్ ఫానింగ్ వ్రాసిన ఆ ప్రోగ్రాము మూలమున ఎవరి కంప్యూటరులోని పాటనైనను ఎవరైనను దించుకొనుటకు వీలైనది. పాడినవారికి కాసు లేదు, వ్రాసినవారికి కాసు లేదు. 2001 ఫిబ్రవరిలో అదే తొమ్మిదవ సర్క్యూటు న్యాయస్థానము దీనిని తప్పుపట్టగా, ఆ జూలైలో నాప్‌స్టర్ మూతపడినది. న్యాయస్థానము చెప్పినది ధర్మమే అని మేము నమ్ముచున్నాము. ఒక గృహస్థు తన పాటను తన కారులో వినుటకు ఎక్కించుకొనుట వేరు. కోటిమంది అపరిచితులకు పంచిపెట్టుట వేరు.

దొంగదారి మూసిన తరువాత రాజమార్గము తెరువవలెను గదా. కంపెనీలు 2001 డిసెంబరులో రెండు మార్గములు తెరచినవి. వార్నరు, బి.ఎం.జి., ఇ.ఎం.ఐ. కలిసి మ్యూజిక్‌నెట్టునకు పాటలు ఇచ్చినవి. సోనీ, యూనివర్సల్ కలిసి ప్రెస్‌ప్లే స్థాపించినవి. శ్రోతకు కావలసిన పాట ఏ కంపెనీదో తెలిసిననే తప్ప ఏ అంగడికి వెళ్ళవలెనో తెలియదు. మ్యూజిక్‌నెట్టులో నెల చందా కట్టి పాటలు దించుకొనవచ్చును. చందా ఆగిన పాట ఆగును. డిస్కు మీదికి ఎక్కించుట మాత్రము పూర్తిగా నిషిద్ధము. ప్రెస్‌ప్లే ఎక్కువ చందా కట్టినవారికి నెలకు కొన్ని పాటలు ఎక్కించుకొనుటకు సెలవిచ్చినది గాని, అందులో ఒకే గాయకునివి రెంటికి మించరాదని షరతు పెట్టినది! తనకు ఇష్టమైన గాయకుని పాటలు వరుసగా ఒక డిస్కు మీద ఉండవలెనని కోరుట సంగీతాభిమాని ప్రథమ లక్షణము. సరిగా దానినే కాదన్నారు. ఇంతకంటె చక్కగా శ్రోతను తిరిగి దొంగదారికి పంపు ఉపాయము ఇంకొకటి ఉండునని మాకు తోచదు. జనులు రెండింటిని ఆదరించలేదు.

రాప్సొడి అను మరియొక సంస్థ 2002లో అయిదు పెద్ద కంపెనీల పాటలను ఒక్కచోట చేర్చినది. ఆ అక్టోబరునుండి, చందాదారుడు ఒక్కొక్క పాటకు 99 సెంట్లు కట్టి డిస్కు మీదికి ఎక్కించుకొను ఏర్పాటు చేసినది. అనగా ఆ కాలమున అమ్మకమునకు పెట్టిన సరకు ఎక్కించుకొను అనుమతియే. వినుటకు చందా, ఉంచుకొనుటకు రుసుము. ఆ రెండింటిని విడదీసి ధర కట్టినప్పుడు జనుల మనస్సులో దేనికి విలువ ఉన్నదో తేటపడినది.

ఈ రహస్యమును బాగుగా గ్రహించినది పాటల కంపెనీ కాదు, కంప్యూటరు కంపెనీ. ఆపిల్ సంస్థ 2001లో ఐట్యూన్స్ అను ప్రోగ్రామును విడుదల చేసి, సి.డి.లోనుండి తీయుడు, కలుపుడు, ఎక్కించుడు అను అర్థము వచ్చు మూడు చిన్న మాటలతో ప్రకటనలు వేసినది. డిస్నీ సంస్థ అధిపతి మైకేల్ ఐస్నర్ 2002లో సెనేటు సంఘము ఎదుట ఇది దొంగతనమును ప్రోత్సహించుటయే అని ఆరోపించినాడు. ఆయన ఆ ఆరోపణ చేసిన పదునాలుగు నెలలకే, అదే ఆపిల్ సంస్థ అయిదు పెద్ద కంపెనీల సంతకములు సంపాదించినది. 2003 ఏప్రిల్ 28న దాని పాటల అంగడి తెరచినారు. రెండు లక్షల పాటలు, ఏ పాటయైనను 99 సెంట్లు, చందా లేదు. మొదటి వారములో పది లక్షల పాటలు అమ్ముడుపోయినవి. అప్పటికి ఆ అంగడి ఆపిల్ కంప్యూటర్లు ఉన్నవారికే పరిమితమన్న సంగతి గమనించినచో ఈ సంఖ్య విలువ తెలియును. ఆ అక్టోబరులో విండోసు వాడువారికిని తలుపు తెరచినారు.

పాటలకు తాళము లేకపోలేదు. ఆపిల్ గుర్తించిన మూడు కంప్యూటర్లలో మాత్రమే పలుకునట్లు ప్రతి పాటకును తాళము వేసినారు. అయితే డిస్కు మీదికి ఎక్కించుకొనుటకు దాదాపు పూర్తి స్వేచ్ఛ. షరతు ఒక్కటే: ఒకే వరుసలో కూర్చిన పాటల పట్టికను పదిమారులకు మించి ఎక్కించరాదు. పదకొండవ డిస్కు కావలెనన్నచో వరుస మార్చుకొనవలెను. ఒక పాటను పైకి, ఒక పాటను క్రిందికి జరిపిన చాలును. టోకున డిస్కులు చేసి అమ్ముకొనువానికి ఇది ఇబ్బంది; ఇంటిలో ఒకటి, కారులో ఒకటి, అల్లునికి ఒకటి చేసుకొను గృహస్థునికి ఇబ్బంది లేదు. 2004 ఏప్రిల్‌లో పదిని ఏడుకు తగ్గించి, కంప్యూటర్లను మూడునుండి అయిదుకు పెంచినారు.

ఇందులోని కిటుకు చూడుడు. తాళమున్న పాటను సి.డి.గా ఎక్కించిన క్షణమున తాళము ఊడిపోవును. సి.డి. ప్రమాణములు వ్రాసిన కాలమున ఎవరును తాళములను ఊహించలేదు గనుక, ఆ డిస్కు ఏ యంత్రములోనైనను పలుకును. ఎవరి అనుమతిని అడుగదు. దానినుండి పాటను మరల కంప్యూటరులోనికి తీసికొనవచ్చును. ధ్వనిలో కొంచెము తరుగు వచ్చును, అంతే. కంపెనీలకు ఈ సంగతి తెలియక కాదు. తెలిసియు సమ్మతించినారు. ఆ దొడ్డిగుమ్మము లేనిచో వీధివాకిలి తెరచినను ఎవరును రారని రెండు సంవత్సరముల అనుభవము వారికి నేర్పినది. కొనుట అను మాటకు ఇంటర్నెట్టులో ప్రాణము పోసినది ఆ గుమ్మమే అని మా నమ్మకము.

వింత యేమనగా, ఇదే కాలములో అంగడిలో అమ్ము అచ్చు సి.డి.లకు తాళములు వేయబోయినారు. 2005లో సోనీ బి.ఎం.జి. అమ్మిన కొన్ని డిస్కులు, కంప్యూటరులో పెట్టగనే యజమానికి తెలియకుండ ఒక ప్రోగ్రామును లోపల దాచి ఉంచుచున్నవని ఒక నిపుణుడు బయటపెట్టినాడు. గగ్గోలు పుట్టి, ఆ డిస్కులను వెనుకకు తీసికొనవలసివచ్చినది. కొన్న సి.డి.కంటె దించుకొని ఎక్కించిన సి.డి.యే నిరపాయము అనిపించిన విడ్డూరపు సంవత్సరమది.

ఇక 2008. మైక్రోసాఫ్ట్ తన పాటల అంగడిని అంతకుముందే మూసినది. ఆ ఏప్రిల్‌లో, ఆగస్టు 31 దాటిన తరువాత కొత్త కంప్యూటరుకు తాళపుచెవులు ఈయజాలమని కొన్నవారికి తెలిపినది. యాహూ సంస్థ జూలైలో, తమ తాళపుచెవుల కంప్యూటర్లను సెప్టెంబరు 30న ఆపివేయుదుమని ప్రకటించినది. సెప్టెంబరులో వాల్‌మార్ట్ వంతు వచ్చినది. 88 సెంట్లకు పాట అమ్మి పేరు తెచ్చుకొన్న అంగడి అది. పాత కంప్యూటరు చెడిపోయి కొత్తది కొన్ననాడు, డబ్బిచ్చి కొన్న పాటలు మూగపోవునన్నమాట. మరి కొన్నవారు ఏమి చేయవలెను? యాహూ, వాల్‌మార్ట్ ఇచ్చిన సలహా ఒక్కటే: పాటలను సి.డి. మీదికి ఎక్కించుకొనుడు! ఏడేండ్ల క్రిందట ఏది ప్రమాదమని అడ్డగించినారో అదియే ఇప్పుడు ఔషధమైనది. జనులు కోపించగా మైక్రోసాఫ్ట్, వాల్‌మార్ట్ గడువును పొడిగించినవి. యాహూ పరిహారము చూపినది. అయినను, పాట తనదని నమ్మినవారికి అది ఎంతవరకు తనదో ఆ వేసవిలో తెలిసివచ్చినది.

అప్పటికే తాళముల పట్టు సడలుచున్నది. 2007 ఫిబ్రవరిలో ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ ఒక బహిరంగ లేఖ వ్రాసినాడు. 2006లో ఇంటర్నెట్టులో తాళముతో అమ్మిన పాటలు రెండువందల కోట్లకు లోపు, తాళము లేకుండ సి.డి.లలో అమ్మినవి రెండువేల కోట్లకు పైన. అట్లయినప్పుడు తాళమువలన ప్రయోజనమేమి అని ఆయన ప్రశ్న. ఇ.ఎం.ఐ. కంపెనీ ఆ ఏప్రిల్‌లోనే ఒప్పుకొన్నది. 2009లో ఐట్యూన్స్ పాటలన్నింటికిని తాళములు తీసివేసినారు. అప్పటికి మిగిలిన నాలుగు పెద్ద కంపెనీలును అంగీకరించినవి.

మన దేశములో కథ వేరుగ నడచినది. క్యాసెట్టుల కాలమునుండియు మన పట్టణములలో, జాబితా వ్రాసి ఇచ్చినచో కావలసిన పాటలు ఎక్కించి ఇచ్చు దుకాణములు ఉండెడివి. సి.డి. యుగములో ఆ దుకాణములే ఎం.పి.3 డిస్కులకు మారినవి. ఎం.పి.3లను విప్పకుండ అట్లే ఎక్కించినచో ఒక డిస్కు మీద నూట యేబది పాటలు పట్టును. ఘంటసాల పాటలన్నియు ఒకచోట, ఒక కథానాయకుని పాటలన్నియు ఒకచోట. గృహస్థునికి సంతోషమే, పాట హక్కుదారునికి దానిలో భాగము లేదు. ఇది ఎవరి దుష్టత్వము వలననో జరిగినదనుట కష్టము. చట్టసమ్మతముగా కొనదలచినవానికి తెలుగు పాటను విడిగా అమ్ము అంగడి ఉండవలెను గదా.

అది ఆలస్యముగా వచ్చినది. 2012 ఫిబ్రవరిలో బెంగుళూరునకు చెందిన ఫ్లిప్‌కార్ట్ సంస్థ ఫ్లైట్ అను పేరుతో పాటల అంగడి తెరచినది. తెలుగుతో సహా పలు భాషల పాటలను తాళము లేని ఎం.పి.3లుగా, విడివిడిగా, కొద్ది రూపాయలకే అమ్మినది. అదే సంవత్సరము డిసెంబరులో ఐట్యూన్స్ అంగడియు మన దేశమునకు వచ్చినది. చట్టము కూడ ఆ యేడే కదలినది. 1957 నాటి గ్రంథస్వామ్య చట్టములో స్వంత వినియోగమునకు నకలు చేసుకొనుటను గురించిన మినహాయింపు మొదట రచనలకు, సంగీత, నాటక, చిత్రకళా కృతులకు వర్తించెడిది. ధ్వనిముద్రణల పేరు అందులో లేదు. 2012 సవరణ, కంప్యూటరు ప్రోగ్రాములు తప్ప ఏ కృతికైనను అది వర్తించునట్లు మార్చినది. డబ్బిచ్చి దించుకొన్న పాటను ఇంటికొరకు డిస్కు మీద ఉంచుకొను గృహస్థునికి చట్టపు నీడ ఇట్లు లభించినది.

నీడ లభించునప్పటికి ఎండ తగ్గినది. పదునారు నెలలు తిరుగకమునుపే, 2013 జూన్ 17న, ఫ్లైట్ అమ్మకము ఆగిపోయినది. దొంగనకళ్ళు, ఉచితముగా దొరకు సంగీతము ఉన్నంతకాలము ఈ వ్యాపారము పెరుగదని సంస్థవారు కారణము చెప్పినారు. కొన్న పాటలను ఆ ఆగస్టు లోపల దించుకొనుడని కబురు పంపినారు. తాళము లేని పాటలు గనుక దించుకొన్నవారికి నష్టము లేదు. తరువాత చూచుకొందమని వదలివేసినవారి సంగతి వేరు. అమెరికాలోను విడిపాటల అమ్మకము 2012లో ఏడాదికి 130 కోట్లు దాటి, అచ్చటినుండి దిగసాగినది. చందా కట్టి వినుట మరల వచ్చినది. ఈసారి జనులు ఆదరించినారు. కంప్యూటర్లలో డిస్కు అరయే మాయమగుట మొదలైనది. ఆపిల్ 2008లోనే ఆ అర లేని పలుచని కంప్యూటరును అమ్మినది. నేడును పాటలను విడిగా అమ్ము అంగళ్ళు కొన్ని ఉన్నవి. డిస్కు అర కావలెనన్న విడిగా కొని తగిలించుకొనవలెను.

ఆ కాలమున ఎక్కించుకొన్న డిస్కులు మన పాఠకుల అలమారలలో ఇప్పటికిని ఉండవచ్చును. అవి శాశ్వతములు కావు. ఆ రంగుపూత ఎండకు, ఉక్కకు క్రమముగా చెడును. అమెరికా జాతీయ ప్రమాణ సంస్థ 2003లో ప్రచురించిన చిన్న పుస్తకములో కొన్ని జాగ్రత్తలు చెప్పినారు. డిస్కును అంచులతో పట్టుకొనవలెను. ఎండ పడనిచోట, చల్లని పొడిగదిలో, పెట్టెలో నిలువుగా ఉంచవలెను. జిగురు కాగితములు అంటించరాదు. పేరు వ్రాయవలెనన్నచో మెత్తని మొనగల, తగిన సిరాగల కలముతో వ్రాయవలెను. దుమ్ము పడినచో నడిమినుండి అంచుకు తిన్నగా తుడువవలెను గాని గుండ్రముగా తుడువరాదు. గ్రామఫోను ప్లేటును గాటు వెంబడి గుండ్రముగా తుడుచుటకు అలవాటుపడిన పెద్దలు ఉన్న ఇండ్లలో ఈ చివరి సంగతి ముఖ్యముగా చెప్పి ఉంచుట మంచిది.